రక్తకణాల లెక్క - కీమోథెరపీకి కాపలా

విద్యార్థులారా! సూరత్‌లోని లింబాయత్‌లో మరమగ్గాల పనిచేసే తెలుగువారి ఇంట్లోనైనా, మీ ఊళ్ళోనైనా, కీమోథెరపీ పొందేవారికి మాటిమాటికీ రక్తపరీక్ష ఎందుకు?

ఈ మందులు వేగంగా విభజన చెందే కణాలను చంపుతాయి. క్యాన్సర్ కణాలతోపాటు ఎముక మజ్జలో రక్తాన్ని తయారుచేసే కణాలూ దెబ్బతింటాయి. యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో పిల్లల ల్యుకేమియా తాత్కాలికంగా తగ్గిందని 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. ఆ మందుకూ ఇదే గుణం.

ఎర్రకణం సుమారు 120 రోజులు, ప్లేట్‌లెట్ 8-10 రోజులు జీవిస్తాయి. న్యూట్రోఫిల్ అనే తెల్లకణం రక్తంలో ఉండేది సుమారు ఒక్క రోజే. అందుకే దాని లోటు ముందుగా తెలుస్తుంది. చాలా మందులతో 7 నుండి 14 రోజుల మధ్య ఆ సంఖ్య అడుగంటుతుంది. మైక్రోలీటరుకు 500 కన్నా తగ్గితే ప్రమాదం. ఆ రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే, మాత్రతో అణచి తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.