హద్దు దాటిన మందు



పన్ను నొప్పి పెట్టిన పెరికించుకొనుట మన తరమువారి వాడుక. ఇప్పుడు పంటిని నిలిపియే లోని కుళ్లును తీసివేయు చికిత్స గలదు. దానిని రూట్ కెనాల్ అందురు. పంటివేరు నడుమనున్న సన్నని నాళములో చెడిన భాగమును తీసి, మందునీటితో కడిగి, పూడ్తురు. మేలైన చికిత్సయే. కాని ఆ మందు పంటిలో నున్నంతవఱకే ఔషధము.

దాని పేరు సోడియము హైపోక్లోరైటు. 1914–18 మహాసంగ్రామమున డేకిన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు నూటికి అరపాలు బలముతో దీనిని గాయములు కడుగుటకు వాడెను. దంతవైద్యులు అయిదుపాళ్లకు మించిన బలముతోను వాడుదురు. ఇది క్రిములను చంపును, చచ్చిన కండను కరిగించును. అయితే చచ్చిన కండ, బ్రదికిన కండ యను భేదము దీనికి తెలియదు.

నిరుడు నాకీ చికిత్స జరుగుచుండగా చెంపలోపల చురుక్కుమనెను. జీవితమంతయు పిల్లలకు ఓర్పు నేర్పిన పంతులను గదా యని పలుకకుంటిని. పంటిచుట్టు రబ్బరుపొర కట్టలేదు. మందు కారి చెంప పుండయ్యెను. వెంటనే చేయి యెత్తియుండినచో నీటితో కడిగెడివారు. నా మౌనమే పుండును పెంచినది.

ఆ రబ్బరుపొరను అమెరికాలో బార్నమ్ అను దంతవైద్యుడు 1864లోనే ప్రవేశపెట్టెను. దానిని కట్టుదురా యని ముందే అడుగుడు. కండ్లకు అద్దములు పెట్టించుకొనుడు. కడుగు సూది వేరులో బిగియరాదు. మందును మెల్లగా పంపవలెను.

మందు వేరు కొనను దాటినచో అపాయము హెచ్చు. హఠాత్తుగా భరింపరాని నొప్పి పుట్టును, క్షణములలో మొగము వాచును, నాళమున నెత్తురు వచ్చును, చర్మము కమలును. వైద్యుడు పని నిలిపి ఉప్పునీటి సెలైనుతో కడుగవలెను. మొదటి దినము నడుమనడుమ చల్లని కాపడము, మఱునాటినుండి వెచ్చని కాపడము పెట్టవలెను. నొప్పికిని, చీము పట్టకుండుటకును మందులు వైద్యుడే నిర్ణయించును. వాపు తగ్గుటకు వారములు పట్టవచ్చును, దిగులు పడవలదు. ఊపిరి గాని మ్రింగుట గాని కష్టమైనచో ఆ క్షణమే పెద్దాసుపత్రికి పోవలెను. కంటిలో పడినచో పావుగంటకు తక్కువ గాకుండ మంచినీటితో కడిగి, కంటివైద్యునికి చూపవలెను.

పూర్వము పంటినరమును చంపుటకు పాషాణము పెట్టెడివారు. అది బయటికి కారి చిగురును, దవడయెముకను గూడ చంపును. నేడెవరైన పెట్టెదమన్నచో వలదనుడు.

ఓర్పు సద్గుణమే. కాని వైద్యుని కుర్చీలో మంట పుట్టినప్పుడు చేయి యెత్తుట పిఱికితనము గాదు. మీ యింటివారికిని ఈ మాట చెప్పుడు. సెలవు.