చిన్న విరాళము – పెద్ద పరిశోధన

 

గ్రంథములు నిలుచు చోట, గ్రంథము పుట్టు విధమును గూర్చి రెండు మాటలు చెప్పుట యుక్తము.

అమెరికాలో బానిసత్వము తొలగిన పిదప నల్లజాతివారి చదువుకై పెక్కు కళాశాలలు వెలసెను. 1866లో నాష్‌విల్ నగరమున నెలకొన్న ఫిస్క్ విద్యాలయము వానిలో నొకటి. అచటి అధ్యాపకులకు బోధనాభారము మెండు. పరిశోధనకు తీరికయు ధనమును కొరత.

అందు ఆంగ్లసాహిత్యము బోధించిన లొరెంజో డౌ టర్నర్ గారు, 1930 తరువాతి సంవత్సరములలో, అమెరికా విద్వత్సంఘముల సమితి యొసగిన ధనసహాయముతో దక్షిణ కెరొలైనా, జార్జియా తీరద్వీపములకు ధ్వనిముద్రణ యంత్రముతో వెళ్ళిరి. అచటి నల్లవారు పలుకు గల్లా భాషను చెడిపోయిన ఇంగ్లీషని పండితు లీసడించుచుండిరి. టర్నర్ గారు వృద్ధుల మాటలను, పాటలను, పేర్లను సేకరించి ఆఫ్రికా భాషలతో పోల్చి చూచిరి. 1949లో వెలువడిన వారి గ్రంథము ఆఫ్రికా మూలముగల సుమారు 4,000 పదములను చూపెను. వానిలో పెక్కులు మనుష్యుల పేర్లే. సంకెలలు తల్లిభాషను తుడిచివేయజాలవని రుజువయ్యెను.

ఇట్టి పనికి కావలసినవి మేడలు గావు. కొన్ని మాసముల విడుపు, దారిఖర్చు, పుస్తకములు. అందుకే 1965లో ఏర్పడిన అమెరికా జాతీయ మానవీయశాస్త్ర సంస్థ ఈ కళాశాలల అధ్యాపకులకై ప్రత్యేక సహాయము నేర్పరచెను.

కొద్దిపాటి సాయమును చిన్నచూపు చూడరాదు. వృద్ధులతోపాటు మాటలును మాసిపోవును. వానిని వ్రాసికొనువానికి తీరిక కల్పించుటయు విద్యాదానమే.