కాగితం మీ బల్ల మీద ఆగకూడదు

 

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది గ్రూప్స్‌కి, బ్యాంకు పరీక్షలకి, డీఎస్సీకి చదువుతున్నారని మీ మాస్టార్లు చెప్పారు. నాలుగైదేళ్లలో మీలో కొందరు అమలాపురంలోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో ప్రభుత్వ కార్యాలయంలో కూర్చుంటారు. నా ఉద్యోగ జీవితమంతా రెవెన్యూ శాఖలో గడిచింది. కాబట్టి నాకు బాగా తెలిసిన ఒక్క సంగతే మాట్లాడతాను. సర్కారు కుర్చీలో కూర్చున్నవాడికి అంతరాత్మ అనేది ఉంటే, అది రోజూ ఏం పని చేయాలి?

అవినీతి అనగానే మనకు కోట్ల రూపాయల కుంభకోణాలు గుర్తొస్తాయి. పేపర్లో చదువుతాం, తిట్టుకుంటాం, మర్చిపోతాం. కానీ మన ఊరి మనిషికి ఎదురయ్యే అవినీతి చాలా చిన్నది. తండ్రి పోయాక ఎకరం పొలం కొడుకు పేరుకి మారాలి. ముసలావిడకి పింఛను రావాలి. పిల్లకి స్కాలర్‌షిప్ కోసం ఆదాయ ధ్రువపత్రం కావాలి. కౌలు రైతుకి పంట సాగు హక్కు కార్డు కావాలి. ధాన్యంలో తేమ 17 శాతం లోపే ఉన్నా, లేదని చెప్పి బస్తాకి ఇంత తరుగు తీస్తే అడిగే నాథుడు కావాలి. ప్రభుత్వం అంటే వాళ్లకి ఇదే. ఢిల్లీ, అమరావతి వాళ్లకి కనపడవు. ఆ బల్ల, దాని వెనకాల మీరు, అంతే కనపడతారు.

ఆ బల్ల దగ్గర లంచం ఎలా పుడుతుందో దగ్గరగా చూసినవాణ్ణి. డబ్బు అడగడంతో మొదలవదు. కాగితం ఆపడంతో మొదలవుతుంది. ‘సర్వర్ పనిచేయడం లేదు, రేపు రండి.’ ‘సార్ క్యాంపులో ఉన్నారు.’ ‘ఇంకో జిరాక్సు కావాలి.’ లంక ఊరి మనిషి ఏరు దాటి, బస్సెక్కి వస్తాడు. వచ్చిన రోజల్లా కూలి పోతుంది. మూడోసారి వచ్చేసరికి అతనే గొంతు తగ్గించి, ‘ఖర్చులేమైనా ఉంటే సెలవివ్వండి బాబూ’ అంటాడు. అప్పుడు బల్ల వెనకాలి మనిషి, ‘నేనేమీ అడగలేదు, ఆయనే ఇచ్చాడు’ అని తనకు తాను చెప్పుకుంటాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోతాడు కూడా. అంతరాత్మ చచ్చిపోయేది పెద్ద నేరం చేసిన రోజున అనుకోకండి. కారణం లేకుండా కాగితం ఆపిన మొదటి రోజునే దానికి జబ్బు చేస్తుంది.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. అవినీతి నిరోధం మీద కేంద్ర ప్రభుత్వం 1962లో కె.సంతానం అధ్యక్షతన కమిటీ వేసింది. పని త్వరగా కావడానికి డబ్బు ముట్టజెప్పే అలవాటే ఆలస్యాన్ని పెంచుతోందని, చాలాసార్లు డబ్బు కోసమే కావాలని జాప్యం చేస్తున్నారని ఆ కమిటీ గుర్తించింది. దాని సిఫారసుతోనే 1964లో కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఏర్పడింది. అరవై ఏళ్ల తర్వాత కూడా జబ్బు అదే.

ఒకరు ఆపితే ఇంకొకరికి ఎంత నష్టమో మీకు విడమరిచి చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. ఆ కాలువల నీళ్లతోనే మన తాతలు బతికారు. పైన తూము దగ్గర ఒకడు అడ్డు వేసుకుంటే శివారు పొలం ఎండిపోతుందని కోనసీమలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అడ్డు వేసినవాడు శివారు రైతు జేబులో చేయి పెట్టలేదు. అయినా ఆ పంట పోయింది అతని వల్లే.

ఈ గోదావరి గడ్డ మీద అంతరాత్మ మాట విన్నవాళ్లు మనకు కొత్త కాదు. ముగ్గురిని మాత్రం తలుచుకుంటాను.

కందుకూరి వీరేశలింగం గారు సర్కారు కొలువుల్లో లంచాల బెడద చూసి, వాటికి దూరంగా ఉండి ఉపాధ్యాయ వృత్తి ఎంచుకున్నారు. గౌతమికి అవతలి ఒడ్డున ఉన్న కోరంగిలో పంతులుగా చేశారు, తర్వాత ధవళేశ్వరంలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేశారు. 1874లో ‘వివేకవర్ధని’ పత్రిక మొదలుపెట్టి రాజమండ్రి కోర్టు కచేరీల్లో జరిగే లంచాలను అచ్చులో బయటపెట్టారు. 1880లో ‘వ్యవహార ధర్మబోధిని’ అనే నాటకం రాస్తే, అందులో కోర్టు పక్షుల గుట్టును జనం మాట్లాడుకునే భాషలోనే విప్పారు. గుట్టుగా సాగేదాన్ని నలుగురికీ తెలిసేలా చేయడం ఆయన పద్ధతి.

ఎస్.ఆర్.శంకరన్ గారు తంజావూరు నుంచి వచ్చి, ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేశారు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. చాలా చట్టాల్లాగే అది కూడా బీరువాలో ఉండిపోవలసిందే. సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా ఆయన పల్లెలకు వెళ్లి, ఆ చట్టం ఉందని వెట్టివాళ్లకే చెప్పారు. అధికారంలో ఉన్నవాళ్లకి అది నచ్చలేదు. ఆయన పదవి వదిలి సెలవు మీద వెళ్లవలసి వచ్చింది. తర్వాత త్రిపుర ముఖ్యమంత్రి నృపేన్ చక్రవర్తి పిలిచి తమ రాష్ట్రానికి ప్రధాన కార్యదర్శిగా పెట్టుకున్నారు. 1987 డిసెంబరులో మన తూర్పు గోదావరి మన్యంలోని గుర్తేడు దగ్గర నక్సలైట్లు అపహరించిన ఐఏఎస్ అధికారుల్లో ఆయన కూడా ఉన్నారు. విడుదలయ్యాక కూడా గిరిజనుల పక్షం వదల్లేదు. తన సంపాదనలో చాలా భాగం పేద పిల్లల చదువులకే ఇచ్చారు. 2005లో పద్మభూషణ్ ప్రకటిస్తే వద్దన్నారు. 2010లో కన్నుమూశారు.

బొజ్జా తారకం గారు అచ్చంగా మనవారు. కోనసీమలోని కందికుప్పలో పుట్టారు. 1985 జులై 17న కారంచేడులో దళితుల మీద మారణకాండ జరిగినప్పుడు ఆయన హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది. ఆ పదవికి రాజీనామా చేసి బాధితుల పక్షాన నిలబడ్డారు. సామాన్యుడికి తన హక్కులు తెలియాలని ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అనే పుస్తకం రాశారు.

ఒకరు ప్రభుత్వం బయట ఉండి, ఒకరు లోపలే ఉండి, ఒకరు లోపలి నుంచి బయటికి వచ్చి పనిచేశారు. ముగ్గురూ చేసింది ఒకటే. పెద్దల దగ్గర ఆగిపోయిన సమాచారాన్ని, చట్టాన్ని, హక్కుని సామాన్యుడి చేతికి అందించారు. మీరు ఉద్యోగంలో చేయవలసిందీ అదే.

అది ఎలాగో చెబుతాను. దరఖాస్తు తీసుకున్న వెంటనే రసీదు ఇవ్వండి. ఎన్ని రోజులు పడుతుందో చెప్పండి. వచ్చిన వరస తప్పించకండి. తిరస్కరించవలసి వస్తే కారణం కాగితం మీద రాసి ఇవ్వండి. రాయడానికి సిగ్గుపడే కారణమైతే అది కారణమే కాదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక ఊళ్లన్నీ నీటమునిగాయి. 1996 నవంబరు 6 తుపానుకి మన కొబ్బరి తోటలు నేలకొరిగాయి. అలాంటి రోజుల్లో నష్టం జాబితా రాసేది మీరే. రాసిన జాబితాని ఊరి మధ్యలో నిలబడి పైకి చదవండి. పైకి చదివే జాబితాలో దొంగపేరు రాయడానికి చేయి రాదు. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు 2006లో మొదలుపెట్టి మన రాష్ట్రం దేశానికి దారి చూపించింది ఈ పద్ధతిలోనే. కూలీల హాజరు పట్టీ అయిన మస్టరు రోల్ గ్రామసభలో చదివితే, పనిలోకి రానివాడి పేరు కూలీలే పట్టుకున్నారు.

పై అధికారి నోటి మాటతో తప్పుడు పని చెప్పవచ్చు. మర్యాదగానే, ‘రాసి ఇప్పించండి సార్’ అనండి. నోటి ఆదేశాలను కాగితం మీదికి ఎక్కించాలని 2013లో టి.ఎస్.ఆర్.సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. చేరిన మొదటి నెలలో ఎవరో మీ వాటా అని కవరు ఇస్తారు. ఆ రోజే, అందరూ వినేలా వద్దని చెప్పండి. మొదటిసారి చెప్పడం కష్టం. రెండోసారి మీకు ఎవరూ ఇవ్వరు. జీతంలో బతకడం నేర్చుకోండి. అప్పుల్లో ఉన్నవాడి నిజాయితీకి ఎప్పుడూ గండమే. ఆఫీసులో మీలాంటివాడు ఇంకొకడు తప్పకుండా ఉంటాడు, అతన్ని వెతుక్కోండి. ఒంటరిగా నిలబడటం కంటే ఇద్దరుగా నిలబడటం చాలా తేలిక.

ఇందుకు మూల్యం ఉండదని మీకు అబద్ధం చెప్పను. బదిలీలు ఉంటాయి. తోటివాళ్లు చేతకానివాడంటారు. శంకరన్ గారంతటి వారికే తప్పలేదు. కానీ మూల్యం రెండో వైపు కూడా ఉంది. లంచం తీసుకుంటే చట్టం ప్రకారం మూడు నుంచి ఏడేళ్ల జైలు. దానికంటే పెద్ద శిక్ష, తన ఊరి మనిషి ఎదురుపడితే తల తిప్పుకుని వెళ్లవలసి రావడం.

తల్లిదండ్రులకు చేతులెత్తి ఒక మాట. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు ‘జీతం ఎంత?’ అని అడిగాక ‘పైన ఎంత?’ అని అడిగే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఆ ప్రశ్న అడిగిన ఇల్లే పిల్లవాడి చేతిని బల్ల కిందికి తోస్తోంది. దయచేసి మానేయండి. జీతంతో తిరిగొచ్చిన కొడుకుని, కూతుర్ని చూసి గర్వపడండి.

ఉద్యోగంలో చేరని మిగతావాళ్లకీ పని ఉంది. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుంచి మీ చేతిలో ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తుకి రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇవ్వవలసి వస్తే ఏడు రోజుల్లో ఫిర్యాదు చేసినవాడికి చట్టం రక్షణ ఇస్తుంది. అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) ఫిర్యాదుల నంబరు మీ ఫోనులో ఉండాలి. మీ వీధిలో చదువురాని అవ్వకి ఒక్క దరఖాస్తు రాసిపెట్టినా మీ డిగ్రీకి అర్థం ఉన్నట్టే.

మీ నుంచి పెద్ద ప్రతిజ్ఞలేవీ అడగను. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు ఒక్కసారి బల్ల మీదికి చూడండి. ఆగిన ప్రతి కాగితానికీ ఎందుకు ఆగిందో మీరు చెప్పగలగాలి. ఆ కారణం దరఖాస్తుదారు ఎదురుగా నిలబడి చెప్పగలిగేదైతే రాసిపెట్టండి. చెప్పలేనిదైతే కుర్చీలోంచి లేవకుండానే సంతకం పెట్టి పంపించేయండి. ముప్పై ఏళ్ల సర్వీసులో ఈ ఒక్క పని తప్పకుండా చేస్తే, కోనసీమ మిమ్మల్ని చదివించినందుకు రుణం తీర్చుకున్నట్టే.