చర్మం గడప దాటే మందు

ఒమాన్‌లో బాతినా తీరాన ఉన్న అల్ సువైక్ నుంచి వచ్చాను. వేసవిలో అక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండకూ, ఒంటికి అంటించుకునే మందుపట్టీకీ సంబంధముంది. అందుకే ఈ నాలుగు మాటలు.

చర్మం పైపొర మందం మిల్లీమీటరులో సుమారు యాభయ్యో వంతే. అయినా గట్టి కాపలాదారు. 500 డాల్టన్లకు మించిన అణువును సాధారణంగా లోనికి రానివ్వదు. ఆ గడప దాటి రక్తంలో కలిసే పట్టీల్లో అమెరికా తొలిసారి అనుమతించినది, 1979లో, ప్రయాణపు వాంతులకు వాడే స్కోపొలమిన్ పట్టీ.

మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం లెడర్లీలో రూపొందించిన మెథోట్రెక్సేట్‌ను సోరియాసిస్‌కూ వాడతారు. దాని బరువు 454 డాల్టన్లే. కాని నీటితో స్నేహం చేసే అణువు కనుక కొవ్వు నిండిన పైపొరను సులభంగా దాటలేదు. మింగితేనేమో కాలేయానికి, ఎముక మజ్జకు హాని జరగవచ్చు. అందుకే లైపోజోములనే కొవ్వు సంచుల్లో నింపి, నేరుగా చర్మంలోకి కొద్దికొద్దిగా వదిలే పరిశోధనలు సాగుతున్నాయి. ఈ సంచులను నానోమీటర్లలో కొలుస్తారు. నానోమీటరంటే మీటరులో నూరు కోట్లవ వంతు!

ఇక ఎండ సంగతి. నొప్పికి వాడే ఫెంటనిల్ పట్టీకి వేడి తగిలితే మందు ఎక్కువగా రక్తంలోకి దిగుతుంది. ఊపిరి మందగించి ప్రాణమే పోవచ్చు. 2005లో అమెరికా ఎఫ్.డి.ఎ. ఈ విషయమై హెచ్చరించింది. పట్టీకి ఎండ, వేడినీళ్ళ సంచి తగలనీయకండి. జ్వరం వస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి. వాడేసిన పట్టీలోనూ మందు మిగిలే ఉంటుంది, పిల్లలకు అందనీయకండి.

ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే, మందుబిళ్ళలతో పాటు పట్టీల సంగతీ అడగండి. సెలవు.