చరిత్ర చదివిన బిడ్డకు జీవనమార్గములు



మన పల్లెలలో ఇంటర్మీడియటు ముగించిన బిడ్డను జూచి పెద్దలడుగు ప్రశ్న యొక్కటియే: ఇంజనీరింగులో ఎప్పుడు చేరెదవు? అని. ఆ బిడ్డ "నేను చరిత్ర చదివెదను, రాజనీతి చదివెదను" అని పలికినచో ఇంటిలో అందఱును మిన్నకుందురు. తుదకు తాతగారు, "ఆ చదువు కూడు పెట్టునా?" అని యడుగుదురు. ఆ ప్రశ్న తప్పుగాదు. రుసుము కట్టువారు, అందులకై పొలము తాకట్టు పెట్టువారు ఫలమేమని విచారించుట న్యాయమే. కాని ఉత్తరము తెలిసికొనకుండ బిడ్డను మరలించుట న్యాయముగాదు. నాకు తెలిసినంతవఱకు ఆ యుత్తరము చెప్పుటయే నేటి ప్రసంగము.

హైదరాబాదునకు పడమట గచ్చిబౌలి కలదు. దాని చెంతనే 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది మొదలు ఆ ప్రాంతమంతయు అద్దాల మేడలతో నిండినది. ఆ మేడల పేరు వినని పల్లె లేదు. అయితే అదే గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయ మున్నదనియు, అందు చరిత్రకును రాజనీతికిని వేఱువేఱు శాఖలున్నవనియు ఎఱిగినవారు కొలదిమంది. ఆ విశ్వవిద్యాలయము పుట్టుకయే యొక చరిత్రపాఠము. 1969లో తెలంగాణమునను, 1972లో కోస్తా, రాయలసీమలలోను చెలరేగిన ఆందోళనల పిమ్మట 1973లో ఆఱుసూత్రముల యొడంబడిక కుదిరెను. దాని ననుసరించి రాజ్యాంగమును 32వ మాఱు సవరించి, 371-ఇ అను అధికరణమును చేర్చిరి. ఆ బలముచే 1974 అక్టోబరు 2వ తేదీన ఈ విద్యాలయ మేర్పడి, మొదట సరోజినీదేవి కుటుంబమువారి గోల్డెన్ త్రెషోల్డ్ భవనమున నడచి, పిదప గచ్చిబౌలికి తరలినది. ప్రజల కలహము, పాలకుల సంధి, చట్టము, విద్య ఇట్లొకదాని నుండి మఱియొకటి పుట్టిన తీరును వివరించునదే చరిత్ర. దానిని నడపించిన నియమములను తెలుపునదే రాజనీతి.

ఈ చదువు మనకు క్రొత్తదిగాదు. కౌటిల్యుడు రాజకుమారుని దినచర్యలో అపరాహ్ణమున ఇతిహాస శ్రవణమును విధించెను. ఆంగ్లవిద్య వచ్చిన పిదప 1843లో రాబర్టు నోబిల్ దొర బందరులో స్థాపించిన పాఠశాల కళాశాలగా పెరిగినది. 1885లో గుంటూరున ఆంధ్ర క్రైస్తవ కళాశాల వెలసినది. ఇట్టి క్రైస్తవ విద్యాలయములలో క్రైస్తవులేగాక అన్యమతస్థులును చదివిరి. డాక్టరు పట్టాభి సీతారామయ్యగారు నోబిల్ కళాశాలలోను, పిదప చెన్నపురి క్రైస్తవ కళాశాలలోను చదివి, వైద్యులై, 1935లో కాంగ్రెసు చరిత్రను రచించిరి. ఆనాటి పట్టభద్రులకు మూడే దారులు ప్రసిద్ధములు: సర్కారు కొలువు, వకీలు వృత్తి, బడిపంతులుగిరి. అవి నేటికిని మూసికొనిపోలేదు; వాని ప్రక్కన క్రొత్తదారులు తెఱచుకొన్నవి.

మొదటిది బోధన. పట్టము పిమ్మట బి.ఎడ్. చదివినవారు పాఠశాలలకును, ఎం.ఏ. చదివి జాతీయ అర్హతాపరీక్ష నెగ్గినవారు కళాశాలలకును పోటీపడవచ్చును. రెండవది న్యాయవాదవృత్తి. ఏ పట్టభద్రుడైనను ప్రవేశపరీక్ష వ్రాసి మూడేండ్ల న్యాయవిద్యలో చేరవచ్చును. రాజ్యాంగము నెఱిగి వచ్చిన బిడ్డకు అచ్చట సగము బరువు తగ్గును.

మూడవది ప్రభుత్వోద్యోగము. పంచాయతి కార్యదర్శి మొదలు జిల్లా కలెక్టరు వఱకు నడుపు పరీక్షలలో చరిత్ర, రాజ్యాంగము, పరిపాలన ముఖ్యాంశములు. ఐనను ఒక హెచ్చరిక చేయక తప్పదు. సివిల్ సర్వీసు పరీక్షకు ఏటేట దాదాపు పదిలక్షలమంది దరఖాస్తు పెట్టుచుండగా, ఎంపికయగువారు సుమారు వేయిమంది. నా శిష్యుడొకడు హైదరాబాదు అశోక్‌నగరులో గది యద్దెకు దీసికొని ఎనిమిదేండ్లు ఈ పరీక్షలకే చదివెను. తెలివిగలవాడే, కష్టపడినవాడే. తండ్రి రెండెకరములు అమ్మెను. ఇంకొక విద్య చేతలేనందున ముప్పదియవ యేట అతడు వట్టిచేతులతో ఊరు చేరెను. పరీక్ష చెడ్డదని నేననను. ఇన్ని యేండ్లని గడువు పెట్టుకొనక, వేఱొక యాధారము చూచుకొనక దానినే నమ్ముట ప్రమాదము.

నాలుగవదారి పల్లెలకు బొత్తిగా తెలియనిది: పాతపత్రముల కొలువు. మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున శామశాస్త్రిగారు తాళపత్రములను పరిశీలింపకున్నచో, 1909లో కౌటిల్యుని అర్థశాస్త్రము అచ్చులో వెలువడెడిది కాదు. నేడు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖాగారమున మొగలాయిల కాలము మొదలు నిజాముల కాలము వఱకు గల పత్రములున్నవి. వానిలో పెక్కు పారసీకమునను ఉర్దూలోను గలవు. ఆ భాషలు చదువగల యువకులు తగ్గిపోవుచున్నారు. గచ్చిబౌలిలోనే 1998లో స్థాపితమైన మౌలానా ఆజాదు జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము కలదు. చరిత్రతోపాటు ఆ భాషలలో ఒకటి నేర్చిన తెలుగుబిడ్డకు పోటీ తక్కువ, ప్రయోజనము మిక్కిలి. పురావస్తుశాఖ, వస్తుప్రదర్శనశాలలు, 2021లో ప్రపంచవారసత్వ మని గుర్తింపు పొందిన రామప్పగుడి వంటి తావులలో యాత్రికులకు మార్గదర్శకత్వము సయితము ఈ దారిలోనివే.

ఇక పత్రికలు, అనువాదము, గ్రామాభివృద్ధి సంస్థలు చెప్పనేయున్నవి. ఆ అద్దాల మేడలు కూడ మనవారికి పరాయివిగావు. యంత్రమునకు ఆజ్ఞలు వ్రాయువారితోనే ఆ సంస్థలు నడవవు. దేశదేశముల చట్టములకు లోబడి పని జరుగుచున్నదా యని చూచువారు, వాడుకరుల యిబ్బందులను విచారించువారు, విషయమును సుబోధముగా వ్రాయువారు వారికి కావలయును. ఆంగ్లమున చక్కగా వ్రాయనేర్చి, కంప్యూటరుపై లెక్కలపట్టీలు నడుపగల చరిత్ర విద్యార్థికి అచ్చట చోటు దొరకును.

ఈ చదువు యొక్క అక్కఱ యెంతటిదో 2025లో గచ్చిబౌలియే చూపినది. విశ్వవిద్యాలయము ప్రక్కనున్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరములను గూర్చి వివాదము రేగెను. భూమి తనదని రాష్ట్రప్రభుత్వ మనెను. అచ్చటి వనమును కాపాడవలెనని విద్యార్థులు నిలిచిరి. ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు చెట్లు నఱకుట నాపించెను. నేనొక పక్షము వహించుటలేదు. కాని వివాదమంతయు వేటిపై నడచినదో గమనింపుడు: ఏ యేట ఎవరికెంత భూమి యిచ్చిరి? కాగితమున వ్రాసిరా, నోటిమాటయా? అడవి యని దేనిని పిలువవలెను? ఇవి యంత్రశాస్త్రపు ప్రశ్నలుగావు. మీ యూరి చెరువు శిఖమును గూర్చియు, ఇనాము భూమిని గూర్చియు తగవు వచ్చిన నాడు పుట్టునవి ఇట్టి ప్రశ్నలే. వానికి సమాధానము వెదకగల బిడ్డ ఊరిలో ఒక్కరైన నుండవలదా?

కావున పెద్దలకు నా మనవి మూడు మాటలు. బిడ్డకు నిజముగా ఆసక్తి యున్నదా యని పరీక్షింపుడు. మార్కులు తక్కువైనవని చరిత్రలో చేర్పింపకుడు. చరిత్రకు తోడు మఱియొక విద్యను, భాషయో, న్యాయమో, కంప్యూటరో, తప్పక నేర్పింపుడు. పోటీపరీక్షలకు గడువు ముందే నిర్ణయింపుడు. మూడేండ్లు చాలునని నా యభిప్రాయము. ఈ మూడును ఆడుబిడ్డకును మగబిడ్డకును సమానమే. చరిత్ర చదివెదనన్న మనుమరాలిని "పెండ్లి కాబోవుదానికి ఏ చదువైన నేమి?" అని చేర్పించుటయు, "కూడు పెట్టదు" అని మానిపించుటయు రెండును ఆమెను చిన్నచూపు చూచుటయే. ఆమె యేమి కాదలచినదో అడిగి, దారి యెట్టిదో విచారించి, అటుపిమ్మట ఔననుడు, కాదనుడు.