మూడు పట్నాల నడుమ ఊరు



"మీ ఊళ్లో జనం ఎంతమంది?" అని అడిగితే మా వదిన ఓట్ల లెక్క చెబుతుంది. "తొమ్మిది వందల ఓట్లు" అంటుంది. అందులో పిల్లలు లేరు. హైదరాబాదులో కాపురముంటూ, ఎన్నికలనాడు మాత్రం వచ్చి వేలికి సిరా పూయించుకుని పోయేవాళ్లు మాత్రం ఉన్నారు. సర్కారు జనాభా లెక్కలు చూద్దామంటే చివరిసారి తీసింది 2011లో. 2021లో జరగవలసినవి వాయిదాపడి 2027కు వెళ్లాయి. 2011లో ఉయ్యాలలో ఉన్న మా మేనకోడలు ఇప్పుడు ఇంటర్మీడియెట్ చదువుతోంది!

మా పుట్టిన ఊరు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నడుమ ఉంది. అంటే దేనికీ దగ్గర కాదన్నమాట. పెండ్లి బట్టలకూ పెద్దాసుపత్రికీ సూర్యాపేట పోవాలి. విజయవాడ వెళ్లాలంటే కోదాడలో బస్సు పట్టుకోవాలి. రైలెక్కాలంటే మిర్యాలగూడే దిక్కు. హైదరాబాదు-విజయవాడ రహదారి మీద అంత పేరున్న ఊళ్లయినా సూర్యాపేటకూ, కోదాడకూ రైలు లేదు మరి. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లూ ఎక్కువగా మిర్యాలగూడ మిల్లులకే పోతాయి. వడ్లకేం, ట్రాక్టరు వాకిట్లోకే వస్తుంది. ఇబ్బందల్లా మనుషులకే, అందులోనూ ఆడవాళ్లకు.

మిర్యాలగూడ నుంచి నేరేడుచర్ల, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ పోయే పెద్ద రోడ్డుంది చూశారూ, దాన్నించి మా ఊరు మూడు కిలోమీటర్లు లోపలికి. నా చిన్నప్పుడు ఆ దారి వానాకాలంలో మోకాలి లోతు బురద. ఇప్పుడు తారురోడ్డు పడింది. 2000 డిసెంబరులో మొదలైన గ్రామ సడక్ పథకంలో, మైదాన ప్రాంతమైతే 500 మంది, కొండ, గిరిజన ప్రాంతాలైతే 250 మంది ఉన్న ఊరికి రోడ్డు వేయాలని పెట్టారు. తెలంగాణలో 2018లో తండాలను పంచాయతీలుగా చేసినప్పుడూ 500 జనాభానే చూశారు. తలలు లెక్కబెడితే రోడ్డొస్తుంది, పంచాయతీ వస్తుంది. బస్సు మాత్రం తలలను చూసి రాదమ్మా, టిక్కెట్లను చూసి వస్తుంది. ఎక్కేవాళ్లు లేరని బస్సు రాదు, బస్సు రాదని జనం ఆటో ఎక్కుతారు. ఇక ఎక్కేవాళ్లెక్కడ?

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చింది. ఆధార్ కార్డు చూపిస్తే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టిక్కెట్టు. మనం పట్నంలో వీధి చివర బస్సెక్కి హాయిగా కూర్చుంటున్నాం. మా మేనకోడలికి మాత్రం ఆ జీరో టిక్కెట్టు పెద్ద రోడ్డు మీద గాని మొదలుకాదు. అక్కడిదాకా ఆటోకి ఇరవై, మళ్లీ సాయంత్రం ఇరవై. నెలకు వెయ్యి రూపాయలు! డబ్బు సంగతి అలా ఉంచండి. చలికాలంలో కాలేజీ వదిలి, బస్సు దిగేసరికి చీకటి పడుతుంది. "ఇంక చదువు చాలు, లేదా హాస్టల్లో వేద్దాం" అన్నాడు అన్నయ్య. పిల్ల ఫోనులో ఏడ్చింది: "అత్తా, నువ్వైనా నాన్నకు చెప్పు".

నేను చెప్పేలోపే మా వదిన ఒక పని చేసింది. ఆవిడ నాకంటే తక్కువ చదివింది, ఆలోచనలో మాత్రం నాకంటే రెండాకులు ఎక్కువే! కాలేజీకి పోయే ఆడపిల్లలున్న అయిదు ఇళ్లకూ తిరిగింది. నెలకింతని ఒక ఆటో మాట్లాడింది. ఇంటికి మూడు వందల యాభై. సాయంత్రం బస్సు వచ్చేదాకా ఆటో అక్కడే ఉండాలి, పిల్లలు దిగంగనే వదినకు ఫోను చెయ్యాలి, అదీ ఒప్పందం.

నాట్ల రోజుల్లో ఆటో అబ్బాయి పొలానికి పోతాడు. ఆ రోజులు అన్నయ్యే మోటారు సైకిలు మీద రెండు విడతలుగా తెస్తున్నాడు, సణుక్కుంటూనే అనుకోండి. ఈలోగా వదిన పొదుపు సంఘంలో కూర్చుని, సాయంత్రం ఒక్క ట్రిప్పు ఊళ్లోకి రావాలని అర్జీ రాయించింది. ఓట్ల సంఖ్య వెయ్యలేదు. పొద్దున ఎంతమంది ఆడవాళ్లు పోతారో, ఎందుకు పోతారో, రాత్రి ఎన్నింటికి తిరిగొస్తారో ఇల్లిల్లూ అడిగి రాయించింది. మొత్తం నలభై ఒక్కమంది తేలారు. వచ్చే గ్రామసభలో పెడతారట. మొదటి సంతకం మా మేనకోడలిది.