ఇటీవల చదివిన మూడు వింత కథలు



గడచిన కొలది మాసములలో నేను చదివిన మూడు వింత కథలను గూర్చి, నాతోడి చదువరులగు మీతో ముచ్చటింప నెంచితిని. వయసు మీరినవారికి ఈ గాలిమేడలేల యని మీలో కొందరు అడుగవచ్చును. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలను మన యిండ్లలో ఎవరు కాదనిరి? మజిలీ మజిలీకి మణిసిద్ధుడు గొల్లపిల్లవానికి చెప్పిన వింతలను దీపము కొండెక్కువరకు వినెడి అలవాటు మనవారికి కలదు. అందు మణిమంత్రములు చేసిన పనిని, నేడు నేను చెప్పబోవు కథలలో యంత్రములు చేయును.

మొదటిది ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ 1865లో ప్రకటించిన చంద్రయాత్ర. అమెరికాలోని ఫ్లారిడాలో 900 అడుగుల ఫిరంగిని భూమిలో పోతపోసి, దాని గుండులో ముగ్గురు మనుష్యులను కూర్చుండబెట్టి చంద్రునివైపు ప్రేల్తురు. 1870లో గ్రంథముగా వెలువడిన రెండవ భాగమున, వారు చంద్రుని చుట్టివచ్చి పసిఫిక్ మహాసముద్రమున పడుదురు. 1969 జూలైలో ఆ ఫ్లారిడా నుండియే నిజముగా ముగ్గురు బయలుదేరిరి. ఇద్దరు చంద్రునిపై నడచిరి. మువ్వురును మరల పసిఫిక్ సముద్రముననే దిగిరి. 2023లో మన శ్రీహరికోట నుండి వెడలిన చంద్రయాన్-3, మనుష్యులు లేకయే, చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున దిగినది. వెర్న్ చెప్పిన ఫిరంగి మాత్రము పనికిరాదు. ఒక్క పెట్టున కలుగు అంతటి వేగమునకు లోపలివారు నుగ్గయిపోవుదురు. రాకెట్టు క్రమక్రమముగా వేగము పుంజుకొనును గనుకనే మనుష్యుడు ప్రాణములతో పోయిరాగలిగెను. ఆ రచయిత ఉపాయము తప్పినను, ఆశ తప్పలేదు.

రెండవది ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ 1895లో వ్రాసిన కాలయంత్రము. కథానాయకుడు ఒక యంత్రమెక్కి క్రీస్తుశకము 802701వ సంవత్సరమునకు పోవును. అచట మానవజాతి రెండుగా చీలియుండును. నేలమీదివారు సుకుమారులు, పండ్లు తినుచు ఆడుకొనుటయే వారి పని. నేలక్రిందివారు చీకటిలో యంత్రములను నడుపుచుందురు. చీకటి రాత్రులలో పైకి వచ్చి, పైవారినే పట్టి భక్షింతురు. ఒకప్పటి ధనికుల సంతతి పైవారనియు, కార్మికుల సంతతి క్రిందివారనియు ఆ యాత్రికుడు ఊహించును. పాడుబడిన యొక ప్రదర్శనశాలలో, చదువు దిక్కులేక చివికిపోయిన గ్రంథములను అతడు చూచిన ఘట్టము నన్ను మిక్కిలి బాధించినది. కష్టించువానిని కంటికి కనబడకుండ నుంచి, వాని కష్టముపై సుఖించు సంఘము తుదకేమగునో ఈ కథ చెప్పుచున్నది. ఇది నిజము కారాదని కోరుచు చదువవలసిన కథ.

మూడవది మన దేశపు స్త్రీ వ్రాసినది. వంగదేశీయురాలగు రొకేయా సఖావత్ హుస్సేన్ ఆంగ్లమున రచించిన సుల్తానా స్వప్నము 1905లో చెన్నపట్టణపు ఇండియన్ లేడీస్ మ్యాగజైనులో వెలువడెను. ఆ స్వప్నరాజ్యమున స్త్రీలు పాలింతురు. పురుషులు అంతఃపురములలో నుందురు. విద్యాలయమున చదివిన యువతులు మేఘములనుండి నీరు తీయుదురు. సూర్యుని వేడిమిని కూడబెట్టి పొగలేని వంట చేయుదురు. శత్రువులు దండెత్తివచ్చి, పురుషుల సైన్యము ఓడినపుడు, ఆ సూర్యకిరణములనే వారిపై ప్రసరింపజేసి తరిమివేయుదురు. ఇరువదియొక యేండ్లు నిండక ఏ బాలికకును పెండ్లి చేయరాదని అచటి రాణి శాసనము. మన దేశమున 1929లో వచ్చిన శారదా చట్టమైనను బాలికకు 14 ఏండ్లనే విధించెను.

పురుషులను గదిలో మూసియుంచుట న్యాయమా యని మీకు కోపము రావచ్చును. నాకును వచ్చినది. ఆ కోపము చల్లారిన పిమ్మట, స్త్రీలను మూసియుంచిన నాడు ఈ కోపము మనకేల రాలేదని తోచినది. ఆమె కథను తలక్రిందులుగా వ్రాసినది అందులకే. ఆమెయు బాల్యమున అన్నగారి వలన రాత్రివేళ రహస్యముగా ఆంగ్లము నేర్చుకొనినది. అట్టి స్త్రీ 1911లో కలకత్తాలో ఎనిమిదిమంది బాలికలతో పాఠశాల తెరచెను. తాను కన్న కలలో ఒక భాగమును స్వహస్తముతో నిజము చేసెను.

ఈ మూడింటిలో చంద్రుని చేరుటకు వేలమంది శాస్త్రజ్ఞులు కావలసివచ్చిరి. మూడవ కథ నిజమగుటకు మాత్రము శాస్త్రజ్ఞులతో పనిలేదు. ఇక చదువు చాలునని యింటి బాలికకు చెప్పు పెద్దలు, ఆ మాటను మానుకొన్న చాలును. ఆ పెద్దలము మనమే. కావున ఈ కథను సాయంకాలము అరుగుమీద కూర్చుండి, మీ మనుమరాలిచేత చదివించి వినుడు. చదివిన పిమ్మట ఆమె యొక ప్రశ్న వేయకపోదు. దానికి తగిన సమాధానమును మీరు సిద్ధపరచుకొని యుండవలెనని మనవి.

సెలవు.